నల్ల ప్లేటు మీద డెల్టా పద్యం

దిగువ కృష్ణా డెల్టాలో గ్రామఫోను రికార్డును ప్లేటు అనేవారు. గుడివాడలోనైనా, బందరులోనైనా, దివిసీమ పల్లెల్లోనైనా పాతతరం నోట అదే మాట. పద్యం ప్లేటు, పాట ప్లేటు, నాటకం ప్లేట్ల సెట్టు. రంగస్థలం మీద పుట్టి ఊరూరా తిరిగిన తెలుగు పద్యం ఈ నల్ల ప్లేటు మీదికి ఎక్కిన చరిత్రలో ఈ డెల్టా భాగం చాలా పెద్దది. పద్యం రాసినవారిలో, దాన్ని వేదిక మీద పాడినవారిలో, చివరికి ప్లేటు మీద దానికి కొత్త రూపమిచ్చినవారిలో ముఖ్యులు కొందరు గుడివాడ, బందరు, దివిసీమల మధ్య నేల మీద పుట్టి పెరిగినవారు.

మన దేశంలో గ్రామఫోను కంపెనీ తొలి రికార్డింగులు 1902 నవంబరులో కలకత్తాలో జరిగాయి. లండన్ నుంచి వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు గౌహర్ జాన్ మొదలైన గాయనీగాయకుల గొంతులను మైనం పలకల మీద పట్టుకున్నాడు. ఆ రోజుల్లో మైకు లేదు. గాయకుడు పెద్ద గరాటు లాంటి కొమ్ములోకి గట్టిగా పాడితే, ఆ శబ్దం తాకిడికి కదిలిన సూది మైనం మీద గాడి గీసేది. విద్యుత్తుతో, మైకుతో రికార్డు చేసే పద్ధతి 1925 నుంచి వచ్చింది. మొదట్లో మైనం పలకలు విదేశాలకు వెళ్లి ప్లేట్లుగా తిరిగి వచ్చేవి. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం పెట్టాక ఇక్కడే అచ్చు వేయడం మొదలైంది. 1928లో అది డమ్‌డమ్‌కు మారింది. మద్రాసులో పాడిన తెలుగు పద్యం కలకత్తాలో ప్లేటుగా మారి, మళ్లీ రైలెక్కి బెజవాడ మీదుగా బందరు చేరేదన్నమాట.

ప్లేటు తయారయ్యే తీరు బందరు దగ్గరి పెడన వారికి అర్థం చేయించడం తేలిక. పెడనలో కలంకారీ అద్దకానికి ముందు టేకు చెక్క మీద అచ్చు చెక్కుతారు. ఆ చెక్కడమే అసలు పని. అచ్చు ఒక్కటే, దాని మీద పడే బట్టకు లెక్కలేదు. ప్లేటు విషయంలోనూ ఇదే. మైనం మీద గీసిన గాడికి లోహపు పూత పోసి, దాని నుంచి తిరగవేసిన లోహపు అచ్చు తీస్తారు. లక్క, రాతిపొడి, మసి కలిపి వేడిచేసిన ముద్దను ఆ అచ్చుల మధ్య పెట్టి నొక్కితే ప్లేటు వస్తుంది. అద్దకంలో అచ్చు అరిగితే పువ్వు మసకబారినట్టే, లోహపు అచ్చు అరిగితే గొంతు మసకబారుతుంది. ఇంకో సంగతి, ప్రపంచమంతా ఆ ప్లేట్లకు వాడిన లక్కలో అధికభాగం మన దేశపు అడవుల నుంచే వెళ్లింది.

ప్లేటు వచ్చేనాటికి డెల్టాలో పద్యనాటకం ఊపందుకుంటోంది. తిరుపతి వెంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితుడు. విశ్వనాథ సత్యనారాయణ అక్కడ ఆయన దగ్గర చదువుకున్నవాడే. జంటకవులు రాసిన పాండవ నాటకాలు, ముఖ్యంగా పాండవోద్యోగ విజయాలు, తెలుగునాట ఆడని ఊరు లేదనిపించుకున్నాయి. చదువురాని రైతు కూడా రాయబారం పద్యాలు గడగడా అప్పజెప్పేవాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్యహరిశ్చంద్రీయం వాటి సరసన నిలిచింది. దానిలో కాటి సీను వచ్చినప్పుడు నటులు గుర్రం జాషువా శ్మశానవాటిక పద్యాలను కూడా కలిపి పాడడం ఆనవాయితీ అయింది. బందరులో ఇండియన్ డ్రమెటిక్ కంపెనీ నాటకాలు ఆడేది. తర్వాతి కాలంలో పాతాళభైరవి, మాయాబజార్ చిత్రాలకు మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు ఆ కంపెనీకి నాటకాలు రాస్తూ చేయి తిరిగినవాడు.

ఆ నాటకాల్లో పద్యం పాడే పద్ధతి వేరు. హార్మోనియం శ్రుతి పట్టుకుని, నటుడు పద్యాన్ని సమాసాల విరుపుతో చదివి, చివరి అక్షరం మీద రాగం అందుకుంటే అది ఎప్పుడు దిగుతుందో అతని ఊపిరికే తెలియాలి. జనం వన్స్‌మోర్ అంటే అదే పద్యం మళ్లీ. రాత్రి భోజనాలయ్యాక మొదలైన నాటకం తెల్లవారుదాకా సాగేది. కాలానికి అక్కడ లెక్కలేదు.

ప్లేటు దగ్గర కాలానికే లెక్క. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త పైన పడుతుంది. పన్నెండు అంగుళాలదైతే నాలుగు, నాలుగున్నర. అందులో హార్మోనియం ఎత్తుగడ, పద్యం, రాగం అన్నీ ఇమడాలి. రాగం కోసం అక్షరాన్ని సాగదీసే నటుడికి ఇది చెరసాల లాంటిది. అయినా కపిలవాయి రామనాథశాస్త్రి వంటి గాయకనటులు ఈ కొలతకు గొంతును కుదించుకుని పాడి, నాటకం చూడని ఊళ్లలో కూడా పేరు తెచ్చుకున్నారు. పెద్ద నాటకాలను ఐదారు ప్లేట్ల సెట్టుగా విడుదల చేసే పద్ధతి కూడా వచ్చింది. ప్రతి మూడు నిమిషాలకూ లేచి ప్లేటు తిరగేస్తూ, ముల్లు మారుస్తూ, కీ ఇస్తూ ఒక సాయంత్రం గడిపితే నాటకం పూర్తయ్యేది. ఉక్కు ముల్లును ప్రతి వైపుకూ మార్చకపోతే గాడి చెడిపోతుందని ఇంట్లో పెద్దలు పిల్లలను కసిరేవారు. అరిగిపోయిన రికార్డు అనే తెలుగు నుడికారం ఆ గాళ్లలోంచే పుట్టింది.

గ్రామఫోను పెట్టె కొనగలిగింది భూస్వాములు, వ్యాపారులు, వకీళ్లు. కానీ విన్నది వారొక్కరే కాదు. ఒక అరుగు మీద ప్లేటు తిరిగితే వీధి వీధంతా వినేది. తర్వాత హోటళ్లలో, సోడా కొట్లలో, పెళ్లిపందిళ్లలో, టూరింగు టాకీసుల ముందు మైకు సెట్లు వచ్చాయి. ఆట మొదలుకు ముందు టాకీసు వాడు రికార్డులు వేస్తే, పొలం పనులు ముగించి వచ్చే జనానికి అదే పిలుపు. తిరునాళ్లలో వేదిక మీద రికార్డు వేసి దాని మీద ఆడే ఆటకు రికార్డింగు డాన్సు అనే పేరు స్థిరపడింది. ఒక యంత్రం పేరు ఒక ఆటకు పేరుగా మారడం కోస్తా జిల్లాల్లో ప్లేటు ఎంత లోతుకు దిగిందో చెబుతుంది.

ఈ నేపథ్యంలో పుట్టిన గొంతు ఘంటసాల వెంకటేశ్వరరావుది. గుడివాడ–బందరు రైలు మార్గంలో పెడనకు ముందు వచ్చే గుడ్లవల్లేరు ప్రాంతంలోని చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న ఆయన పుట్టాడు. తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తూ, నారాయణతీర్థుల తరంగాలు పాడుతూ భజనలకు వెళ్లేవాడు. కొడుకును భుజాన ఎక్కించుకుని తీసుకువెళ్తే, ఆ పిల్లవాడు తరంగాలకు అడుగులు వేసి బాల భరతుడని పిలిపించుకున్నాడు. తండ్రి చిన్నతనంలోనే పోయాడు. తాను సంగీతం నేర్చుకోవాలన్న తండ్రి కోరికను తీర్చాలనే పట్టుదలతో కొడుకు విజయనగరం వెళ్లాడు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర శిష్యరికం చేశాడు. మధూకరం ఎత్తుకుని తింటూ చదువు పూర్తి చేసిన ఆ రోజుల గురించి ఆంధ్రదేశంలో తెలియనివారు తక్కువ. ఈ గురువు దగ్గర దొరికింది శాస్త్రజ్ఞానం ఒక్కటే కాదు. సాహిత్యాన్ని స్పష్టంగా పలకడం, భావానికి రాగాన్ని లోబరచడం కూడా. ప్లేటు మీద ఘంటసాల సాధించినదానికంతటికీ వేరు ఇక్కడుంది.

చదువు ముగించి డెల్టాకు తిరిగివచ్చాక ఆయన భజనల్లో, పెళ్లిళ్లలో పాడాడు, నాటకాల్లో వేషాలు వేశాడు. క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయి బళ్లారి దగ్గర అలీపురం జైలులో గడిపాడు. పెళ్లి తర్వాత అత్తవారి ఊరు పెదపులివర్రులో సముద్రాల రాఘవాచార్య ఆయన పాట విని మద్రాసు రమ్మన్నాడు. అదే సముద్రాల స్వగ్రామం కూడా.

మద్రాసులో ప్లేటు ఆయనకు వెంటనే తలుపు తీయలేదు. కుక్కబొమ్మ కంపెనీగా జనానికి తెలిసిన హెచ్.ఎం.వి.లో తొలి పరీక్షలోనే ఆ గొంతు మైకుకు పనికిరాదన్నారు. తర్వాత అదే కంపెనీలో తెలుగు రికార్డుల బాధ్యత పేకేటి శివరాం చేతికి వచ్చింది. తర్వాత నటుడిగా పేరు తెచ్చుకున్న పేకేటి పట్టుబట్టి ఘంటసాల చేత పాడించాడు. 1945 ప్రాంతంలో వచ్చిన ఆ తొలి ప్లేటుకు ఒక వైపు భావగీతం, రెండో వైపు పద్యం. ఆ తర్వాత ముప్పై ఏళ్ల ఆయన ప్రైవేటు రికార్డుల దారి ఈ రెండు వైపుల్లోనే ఉంది. ఒకటి ఆధునిక గేయం, ఇంకొకటి తాతల నాటి పద్యం. సినిమాతో సంబంధం లేకుండా విడిగా విడుదలయ్యేవాటిని తెలుగునాట ప్రైవేటు పాటలు అంటారు. సినిమా నేపథ్యగానంలో ఎంత ఎత్తుకు వెళ్లినా ఘంటసాల వాటిని విడిచిపెట్టలేదు.

పద్యం వైపు తీసుకుంటే, అన్నిటికన్నా ముందు చెప్పవలసింది పుష్పవిలాపం. గుంటూరులో అధ్యాపకుడిగా పనిచేసిన జంధ్యాల పాపయ్యశాస్త్రి, అంటే కరుణశ్రీ, రాసిన ఉదయశ్రీ కావ్యంలోని ఖండిక ఇది. పూజకు పూలు కోయబోయిన కవితో పూలు మొరపెట్టుకోవడం ఇందులో విషయం. ఘంటసాల ఇక్కడ నాటకం పద్ధతిని పూర్తిగా పక్కనపెట్టాడు. గొంతు పెంచి దూరంగా ఉన్న చివరి వరుసకు వినిపించవలసిన అవసరం లేదని, మైకు చెవి పక్కనే ఉందని ఆయనకు తెలుసు. పద్యాన్ని ముందు మాటగా పలికాడు. సమాసాన్ని ఎక్కడ విరిస్తే అర్థం విచ్చుకుంటుందో అక్కడ విరిచాడు. చివర రాగాన్ని ఆ భావం కోరినంతే తీశాడు. ఒక పద్యానికీ ఇంకో పద్యానికీ మధ్య రెండు ముక్కల వచనం చెప్పి, వాద్యాలను లోతుగా, తక్కువగా వాడి, మొత్తం ఖండికను ఒక చిన్న కథలా నడిపాడు. నాటకశాలలో చప్పట్ల కోసం పాడిన పద్యం ఇంటి వసారాలో కన్నీళ్ల కోసం పాడే పద్యంగా మారింది. పూలు కోయడానికి చేయి రాలేదన్న మాట ఆ ప్లేటు విన్న ఇళ్లలో సాధారణంగా వినిపించేది.

కుంతీకుమారి కూడా కరుణశ్రీదే. అప్పుడే పుట్టిన కర్ణుణ్ణి గంగలో వదలడానికి వచ్చిన కన్నెతల్లి వేదన అది. ఈ రెండు ప్లేట్ల ప్రభావం పాటకే పరిమితం కాలేదు. పుస్తకం కొనలేని పల్లెవాళ్లు కరుణశ్రీ పద్యాలను ప్లేటు విని కంఠస్థం చేశారు. బళ్లలో పిల్లలు ఘంటసాల విరుపుతోనే పద్యం చదివేవారు. ఛందస్సు తెలియనివారికి కూడా యతి ఎక్కడ పడుతుందో చెవి చెప్పేది. జాషువా శిశువు పద్యాలు ఈ వరుసలోనివే. పసిబిడ్డ బోసినవ్వును పాడేటప్పుడు ఆ గంభీరమైన గొంతు ఎంత మెత్తబడిందో వింటేగాని తెలియదు. మాటల్లో చెప్పడం కష్టం.

గేయం వైపు కూడా ఆయన ఎంపిక గమనించదగింది. కొనకళ్ల వెంకటరత్నం బంగారిమామ పాటల్లోని పల్లె సరసాన్ని రావోయి బంగారిమామ ప్లేటులో పాడితే డెల్టా పొలం గట్లు కళ్లముందు నిలుస్తాయి. దాశరథి తలనిండ పూదండ గీతం తెలంగాణ కవి మాటను కోస్తా ఇళ్లలోకి తెచ్చింది. అత్తలేని కోడలి జానపదాన్నీ ఆయన వదల్లేదు. ఒకే గొంతు, ఒకే కంపెనీ ముద్ర కింద, వృత్తపద్యమూ భావగీతమూ పల్లెపాటా పక్కపక్కన ఒకే పెట్టెలో చేరాయి. తెలుగు సాహిత్య చరిత్రలో భావకవుల పేరు చదువుకున్నవారికే పరిమితం కాకుండా ఉండడానికి ఈ ప్లేట్లు చేసిన మేలు తగినంతగా లెక్కకు రాలేదు.

సినిమా ప్లేట్లలోనూ డెల్టా మనుషులే ఒకరికొకరు తోడయ్యారు. అక్కినేని నాగేశ్వరరావుది గుడివాడ పక్క రామాపురం, నందమూరి తారకరామారావుది పామర్రు దగ్గర నిమ్మకూరు. ఈ ఇద్దరికీ గొంతు చౌటపల్లి వాడిది. మూడూ ఒకే గుడివాడ చుట్టుపక్కల ఊళ్లు. 1953 నాటి దేవదాసులో హీరో రామాపురం వాడు, గొంతు చౌటపల్లిది, దర్శకుడు వేదాంతం రాఘవయ్యది కూచిపూడి. 1963 నర్తనశాలకు సంగీతం ఇచ్చిన సుసర్ల దక్షిణామూర్తిది దివిసీమలోని పెదకళ్లేపల్లి, దర్శకుడు కమలాకర కామేశ్వరరావుది బందరు. ఈ కామేశ్వరరావు సినిమాల్లోకి రాకముందు ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో బందరు నుంచి వెలువడిన కృష్ణాపత్రికలో చిత్రసమీక్షలు రాసినవాడు.

ఈ కలయికకు నిండైన సందర్భం 1967 నాటి శ్రీకృష్ణావతారం. దర్శకుడు బందరు కామేశ్వరరావు, కృష్ణుడు నిమ్మకూరు రామారావు, సంగీతం టి.వి. రాజు. రాయబారం ఘట్టానికి కొత్తగా పద్యాలు రాయించలేదు, తిరుపతి వెంకట కవుల పద్యాలనే తీసుకున్నారు. బందరు బడిపంతులు చెళ్లపిళ్ల జంటగా కట్టిన పద్యాన్ని, యాభై ఏళ్లు ఊరి పందిళ్లలో హార్మోనియంతో పాడిన పద్యాన్ని, చౌటపల్లి గొంతు ప్లేటు మీద పాడింది. నాటక అభిమానుల్లో కొందరికి రాగం తగ్గిందన్న అసంతృప్తి ఉండేది. దాన్ని తీసిపారేయడానికి లేదు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటివారి కృష్ణుణ్ణి రాత్రంతా కూర్చుని విన్నవారికి మూడు నిమిషాలు చాలవు. కానీ ఆ తర్వాత పల్లెల్లో నాటకం ఆడే కుర్రవాళ్లు ఘంటసాల పోకడనే అందుకున్నారు. కృష్ణుడి మాటలో కొంటెతనం, దుర్యోధనుడితో మాట్లాడేటప్పుడు చల్లని హెచ్చరిక రాగంలో కన్నా పలుకులో వినిపించాలన్న ఆయన పద్ధతే నిలిచింది. తెలుగు పద్యం ఇరవయ్యో శతాబ్ది రెండో సగం దాటి బతకడానికి ఒక కారణం ఈ మార్పు.

ఇంతలో ప్లేటు రూపమూ మారింది. లక్క ప్లేటు చేయి జారితే పగిలిపోయేది. ఎండకు వంగేది. వినైలుతో చేసిన ఎల్.పి. 1948లో అమెరికాలో వచ్చింది. నిమిషానికి 33 చుట్లు తిరుగుతూ ఒక వైపే ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. 45 చుట్ల చిన్న ప్లేట్లు మరుసటి ఏడాది వచ్చాయి. మన దేశానికి ఇవి మెల్లగా చేరి, 1970 నాటికి పాత 78 చుట్ల ప్లేట్లను వెనక్కు నెట్టాయి. అప్పటికి ప్లేటు కొనని ఇంటికి కూడా పాట చేరే ఇంకో దారి ఏర్పడింది. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం డెల్టా అంతటా వినిపించేది. ప్లేటు కంపెనీది, పెట్టె ఆకాశవాణిది, వినేవారు అందరూ. మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడికి రేడియోయే ప్లేటు.

ఎల్.పి.తో నిడివి పెరగడం ఘంటసాల చివరి పెద్ద రికార్డుకు వీలిచ్చింది. 1969 నుంచి అనారోగ్యం ఆయన్ను బాధించింది. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో అమెరికా, యూరప్ దేశాల్లో కచేరీలు చేశాడు. అక్కడి తెలుగువారు ఆయన్ను ఎదురుగా కూర్చుని విన్న సందర్భం అది. ఆ తర్వాత భగవద్గీత రికార్డింగు చేపట్టాడు. ఏడు వందల శ్లోకాల్లోంచి ఎంపిక చేసిన వాటిని సంస్కృతంలో పాడి, ప్రతి శ్లోకం వెంటనే తెలుగు తాత్పర్యాన్ని తన గొంతుతోనే చెప్పాడు. పుష్పవిలాపంలో పద్యాల మధ్య వచనం చెప్పిన పద్ధతే ఇక్కడ పూర్తి రూపం తీసుకుంది. 78 చుట్ల ప్లేటు మీద ఇది సాధ్యమయ్యేది కాదు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆయన కన్నుమూశాడు. గీత ఎల్.పి. ఆయన మరణానంతరమే విడుదలైంది.

1980ల్లో క్యాసెట్ వచ్చి ప్లేట్లను అటకెక్కించింది. ఘంటసాల పాత ప్లేట్లలోని పద్యాలు, పాటలు క్యాసెట్లుగా, సీడీలుగా మళ్లీ మళ్లీ వెలువడ్డాయి. విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు ఆయన పేరు పెట్టారు. 2003లో తపాలా బిళ్ల వచ్చింది. గ్రామఫోను పెట్టెలు మాత్రం దిగువ డెల్టాలో ఇప్పుడు బాగా తక్కువ. పాత ఇళ్లలో అటకల మీద, భోషాణాల అడుగున లక్క ప్లేట్లు ఇంకా దొరుకుతున్నాయి. అవి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచితే బరువుకు పగుళ్లిస్తాయి, ఎండ తగిలితే వంగిపోతాయి. నిలువుగా, నీడలో, మెత్తని గుడ్డ చుట్టి ఉంచితే ఇంకా చాలా ఏళ్లు పాడతాయి. అటువంటి ప్లేటు దొరికినవారు పాత సామానుతో పాటు అమ్మేయకుండా, ముందు దాని మధ్యనున్న కాగితం మీది పేరు చదవాలి. నాటకం రోజుల్లోని గాయకుల్లో ఎందరి గొంతుకో ఆ ప్లేటు తప్ప ఇంకో ఆధారం లేదు.

ఘంటసాల గీత సంగతి వేరు. దానికి ప్లేటు అవసరం తీరిపోయి చాలా కాలమైంది. కృష్ణా తీరంలోనైనా, గోదావరి తీరంలోనైనా, ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే వాకిట్లో మైకు పెట్టి ఆ రికార్డునే వేస్తారు.